కొత్త బ్యాటరీ వేసినా కారు ఒక్కోసారి స్టార్ట్ అవ్వడానికి సతాయిస్తోంది

గోదారి_గట్టు
2015 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేర్లు, 80 వేల కిలోమీటర్లు దాటింది. పొద్దున ఇంటి దగ్గర ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. రాజమండ్రి నుంచి కాకినాడ వెళ్లి, అక్కడ ఏదో పనిమీద అరగంట ఆపి మళ్లీ తాళం తిప్పితే అప్పుడు మొదలవుతాయి దీని వేషాలు. ఒక్కోసారి మామూలుగానే అవుతుంది. ఒక్కోసారి ఈడ్చి ఈడ్చి, ఇక మన పని అయిపోయింది అనుకున్నాక అవుతుంది. సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టి ఎర్రర్ ఏమీ లేదన్నారు, బ్యాటరీ మార్చమన్నారు. మార్చాను. కొన్నాళ్లు బాగానే ఉంది, మళ్లీ అదే కథ. షెడ్డులో చూపిస్తే సెల్ఫ్ మోటార్ పోయింది, మొత్తం కొత్తది వేయాలంటున్నాడు. మొన్న ఒక పెళ్లింటి ముందు చుట్టాలంతా టాటా చెప్తూ చేతులు ఊపీ ఊపీ అలిసిపోయి లోపలికి వెళ్లిపోయారు, మేం మాత్రం అక్కడే ఉన్నాం. ఇంకో ఐదారు వేలు పెట్టే ముందు అసలు రోగం ఏంటో తెలుసుకోవాలని ఉంది.

పాత_బండి
బ్యాటరీ టెర్మినల్స్ గట్టిగా ఉన్నాయా? చేత్తో తిప్పితే తిరక్కూడదు. తెల్లగా పొడి పట్టి ఉంటే వేడినీళ్లలో వంట సోడా కలిపి పోయండి, పొంగి మొత్తం పోతుంది. ముందు మైనస్ విప్పాలి, బిగించేటప్పుడు అది చివర బిగించాలి. బిగించాక పైన కాస్త వాజలైన్.

బెజవాడ_క్లచ్
ఆల్టర్నేటర్, అదే బ్యాటరీని ఛార్జ్ చేసేది. కళ్లు మూసుకుని చెప్పొచ్చు.

మల్టీమీటర్
కళ్లు మూసుకుని చెప్తే ఐదు వేలు పోతాయి బ్రో 😀

@గోదారి_గట్టు, ముందు ఒక్క విషయం చెప్పండి. లేటుగా స్టార్ట్ అవ్వడంలో రెండు రకాలు ఉన్నాయి, రెండిటికీ వైద్యం వేరు.

మొదటిది, సెల్ఫ్ నెమ్మదిగా తిరగడం. ర్ర్ర్… ర్ర్ర్… అని మూలుగుతూ తిరుగుతుంది, డ్యాష్ లైట్లు డల్ అవుతాయి. ఇది కరెంటు జబ్బు. బ్యాటరీ, టెర్మినల్స్, ప్లస్ కేబుల్, ఎర్త్ వైరు (బ్యాటరీ మైనస్‌ని ఇంజిన్‌కి, బాడీకి కలిపేది), లేదంటే సెల్ఫ్ మోటార్. వీటిలోనే ఏదో ఒకటి.

రెండోది, సెల్ఫ్ ఎప్పటిలాగే జోరుగా తిరుగుతుంది గానీ ఇంజిన్ అందుకోదు. ఇది పెట్రోల్ జబ్బో, స్పార్క్ జబ్బో, సెన్సర్ జబ్బో. దీనికి నూరు బ్యాటరీలు మార్చినా లాభం లేదు.

"లేటుగా స్టార్ట్ అవుతోంది" అని మాత్రమే చెప్తే ఏ మెకానిక్ అయినా తనకు తెలిసిన పార్టు మారుస్తాడు. ఈసారి అలా అయినప్పుడు ఫోన్‌లో ఆ చప్పుడు రికార్డ్ చేయండి.

అంబాసిడర్_తాతయ్య
మా రోజుల్లో ఇంత గొడవ లేదు. సెల్ఫ్ తీసుకోకపోతే డిక్కీలోంచి హ్యాండిల్ తీసి, ముందు బంపర్ దగ్గర బొక్కలో పెట్టి తిప్పేవాళ్లం. బొటనవేలు హ్యాండిల్ చుట్టూ వేయకూడదు, ఇంజిన్ వెనక్కి తంతే వేలు విరిగిపోయేది. ఇప్పటి బళ్లకి కూడా యాక్సిలరేటర్ బాగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొడితే చాలు.

మల్టీమీటర్
తాతయ్య గారూ, హ్యాండిల్ సంగతి నిజమే గానీ యాక్సిలరేటర్ సలహా ఇప్పటి బళ్లకి పనికిరాదు. కార్బొరేటర్ బళ్లలో తొక్కితే పెట్రోల్ ఎక్కువ వెళ్లేది. ఇంజెక్టర్ బళ్లు చాలావాటిలో పెడల్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొడితే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లని ఆపేస్తుంది. లోపల పెట్రోల్ ఎక్కువై ప్లగ్గులు తడిసినప్పుడు గాలితో ఆరబెట్టడానికి అలా పెట్టారు. అంటే మామూలప్పుడు తొక్కితే స్టార్ట్ అయ్యేది కూడా అవ్వదు. కాకపోతే ఇందులో ఒక ఉపయోగం ఉంది. వేడి మీద మామూలుగా అవ్వని బండి, పెడల్ తొక్కితే అవుతుంటే, ఇంజెక్టర్ కారుతోందని అనుమానించాలి.

అంబాసిడర్_తాతయ్య
ఈసీయూ అంట. సరే కానీండి.

మియాపూర్_బేస్‌మెంట్
నాదీ ఇదే బాధ. వారం పది రోజులు సెల్లార్‌లో ఉంచి తీస్తే సెల్ఫ్ మూలుగుతుంది. ఇంటి నుంచే పని కదా, కారు తీసేదే తక్కువ. రెండేళ్లు కూడా కాలేదు బ్యాటరీ వేసి.

పాత_బండి
@మియాపూర్_బేస్‌మెంట్ డ్యాష్‌క్యామ్ ఉందా? పార్కింగ్ మోడ్ ఆన్‌లో ఉందా?

మియాపూర్_బేస్‌మెంట్
రెండూ ఉన్నాయి 🙈 జీపీఎస్ ట్రాకర్ కూడా.

మల్టీమీటర్
దొరికాడు దొంగ. తాళం తీసేశాక కారు లాగే కరెంటు 50 మిల్లీఆంపియర్ల లోపు ఉండాలి. అంతే ఉన్నా రోజుకి 1.2 ఆంపియర్ అవర్ పోతుంది. మీది 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ అనుకుందాం, రెండు వారాలు కదలకపోతే సగం దాకా ఖాళీ అయినట్టే. దానికి డ్యాష్‌క్యామ్ తోడైతే ఇక చెప్పక్కర్లేదు. పార్కింగ్ మోడ్ తీసేయండి. వారానికి ఒకసారైనా ఓఆర్ఆర్ మీద అరగంట తిప్పండి. సెల్లార్‌లోనే ఐదు నిమిషాలు ఐడిల్‌లో పెడితే వారంలో పోయింది తిరిగి రాదు.

మియాపూర్_బేస్‌మెంట్
ఓఆర్ఆర్ మీద అరగంట సరే, ఓఆర్ఆర్ దాకా వెళ్లడానికి గంట 😅

గోదారి_గట్టు
రికార్డ్ చేశాను. సామర్లకోట దగ్గర ఆపినప్పుడు దొరికింది. మొదటి రకమే. సెల్ఫ్ మూలుగుతోంది, లైట్లు డల్ అవుతున్నాయి. కానీ అదే బ్యాటరీ మీద పొద్దున జోరుగా తిరుగుతోంది కదా, అదే అర్థం కావట్లేదు. వేడెక్కాక ఎందుకిలా?

షెడ్డు_మాస్టారు
ఇరవై ఏళ్లుగా ఇదే పని నాది. వేడి మీద మూలిగితే సెల్ఫ్ మోటారే. లోపల బుష్‌లు అరిగి ఆర్మేచర్ (తిరిగే భాగం) ఒరుసుకుంటుంది, కార్బన్ బ్రష్‌లు అరుగుతాయి. ఇంజిన్ వేడికి పక్కనే ఉన్న మోటార్ కూడా కాగిపోయి రాగి తీగకి రెసిస్టెన్స్ పెరుగుతుంది. కాకపోతే మొత్తం కొత్తది ఎందుకు, విప్పి బుష్‌లు, బ్రష్‌లు వేస్తే కొత్తదానిలో నాలుగో వంతు ఖర్చుతో అయిపోతుంది. ఆటోనగర్‌లో ఆ పని చేసేవాళ్లు ఇంకా ఉన్నారు.

బెజవాడ_క్లచ్
మాస్టారు చెప్పిందే కరెక్ట్. నేను ముందే అన్నా.

పాత_బండి
నువ్వు ఆల్టర్నేటర్ అన్నావు.

బెజవాడ_క్లచ్
రెండూ తిరిగేవే కదా 😎

మల్టీమీటర్
మాస్టారు చెప్పింది జరగొచ్చు, కాదనను. మోటార్ విప్పే ముందు ఇంట్లోనే చేయగలిగిన పరీక్ష ఒకటి చెప్తాను. మూడు నాలుగు వందల మీటర్ చాలు.

బండి వేడి మీద ఉన్నప్పుడే చేయాలి. న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్. మీటర్ 20 వోల్ట్ డీసీలో పెట్టి బ్యాటరీ ప్లస్, మైనస్ మీద ఆనించండి. ఇంజిన్ ఆపి కాసేపయ్యాక 12.4 నుంచి 12.6 దాకా ఉండాలి. 12.2 అంటే సగం ఖాళీ. పక్కవాళ్లని సెల్ఫ్ కొట్టమని ఆ టైంలో చూడండి. 9.6 కంటే కిందికి పడితే ముందు బ్యాటరీని అనుమానించాలి. సెల్ఫ్ మూలుగుతున్నా బ్యాటరీ దగ్గర 11 దాకా నిలబడితే బ్యాటరీ బాగున్నట్టే, కరెంటు మోటార్ దాకా చేరట్లేదని అర్థం.

ఇప్పుడు అసలు పని. ఒక పిన్ను బ్యాటరీ మైనస్ సీసం ముక్క మీద, క్లాంప్ మీద కాదు, సీసం మీదే. రెండోది ఇంజిన్ బాడీ మీద రంగు లేని చోట. మళ్లీ సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్ట్, పోనీ 0.3 వస్తే ఫర్వాలేదు. ఒక వోల్ట్ దాకా వస్తే ఎర్త్ వైరు పోయినట్టే. సెల్ఫ్ లాగే కరెంటు చిన్న కారుకే నూరు ఆంపియర్ల పైన. అంత కరెంటు పోయే దారిలో పది మిల్లీఓమ్‌ల అడ్డున్నా ఒక వోల్ట్ అక్కడే తగలబడుతుంది. హెడ్‌లైట్, హారన్‌లకి ఆ అడ్డు తెలియదు, అందుకే మిగతావన్నీ బాగానే పనిచేస్తాయి.

షెడ్డు_మాస్టారు
మీటర్ లేకపోయినా తెలుసుకోవచ్చు. జంప్ స్టార్ట్ కేబుల్ ఉంటుంది కదా, నల్లది తీసుకో. ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, ఇంకో కొస ఇంజిన్ ఎత్తే కొక్కేనికి గట్టిగా పట్టించి సెల్ఫ్ కొట్టు. మూలిగేది కాస్తా గిర్రున తిరిగితే ఎర్త్. అప్పటికీ మూలిగితే నా మాటే. ఎర్రది మాత్రం ముట్టుకోకు.

మల్టీమీటర్
ఇది నాదానికంటే బాగుంది. మాస్టారికి దండం 🙏

మిన్నియాపొలిస్_మావయ్య
మా దగ్గర జనవరిలో మైనస్ 25 దాకా పోతుంది. పొద్దున బండి స్టార్ట్ అవ్వడమే ఒక పండగ. చలికి బ్యాటరీ బలం సగానికి పడిపోతుంది, ఇంజిన్ ఆయిల్ చిక్కబడి సెల్ఫ్‌కి రెట్టింపు పని. అందుకే ఇక్కడ బ్యాటరీ మీద ఏహెచ్ కంటే సీసీఏ చూస్తారు. మైనస్ 18 డిగ్రీల దగ్గర ముప్పై సెకన్లు ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో ఆ అంకె. రాత్రి బ్లాక్ హీటర్ (ఇంజిన్‌ని వెచ్చగా ఉంచేది) ప్లగ్ గోడకి పెట్టి పడుకుంటాం. కొత్తగా వచ్చిన మనవాళ్లు కారు ముందు వేలాడే ప్లగ్ చూసి ఎలక్ట్రిక్ కారనుకుంటారు.

రామగుండం_ఎండ
మావయ్యా, మాకు మేలో 45. నీ బ్లాక్ హీటర్ మా ఆకాశంలో ఉంది.

పాత_బండి
నవ్వినా నిజం ఏంటంటే బ్యాటరీని చంపేది ఎండే. చలికాలంలో పోయినట్టు కనిపిస్తుంది గానీ ఎండాకాలంలోనే లోపల పాడైపోయి ఉంటుంది. మన దగ్గర మూడు నాలుగేళ్లు వచ్చిందంటే సంతోషించాలి. నీళ్లు పోసే రకమైతే మార్చి వచ్చేసరికి మూతలు విప్పి చూసుకోండి, ప్లేట్లు మునిగి ఉండాలి.

రామగుండం_ఎండ
మా పక్కింటాయన ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోస్తాడు. డిస్టిల్డ్ వాటరే కదా అంటాడు.

మల్టీమీటర్
గాలిలో తేమ నుంచి వచ్చిన నీళ్లే గానీ ఏసీ కాయిల్ మీద దుమ్ము, లోహం అన్నీ కడుక్కుని వస్తాయి. బంకులో డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఎంతని? బ్యాటరీ ధర ఎంత? ఆర్ఓ నీళ్లు కూడా వద్దు, అందులో లవణాలు కొన్ని మిగులుతాయి.

ఓరుగల్లు_డీజిల్
మధ్యలో దూరుతున్నా. నాది 2013 డీజిల్. సెల్ఫ్ బ్రహ్మాండంగా తిరుగుతుంది, కానీ పొద్దున మాత్రం చాలాసేపు కొట్టాలి. ఒక్కసారి అయ్యిందా, రోజంతా ముట్టుకుంటే స్టార్ట్. మెకానిక్ గ్లో ప్లగ్గులు (చలిలో ఇంజిన్ లోపల వేడి చేసేవి) నాలుగూ మార్చాలంటున్నాడు.

లంబసింగి_పొగమంచు
మాకైతే గ్లో ప్లగ్గులు లేకపోతే పొద్దున బండి కదలదు. డ్యాష్ మీద స్ప్రింగు గుర్తు ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొట్టాలి. టూరిస్టులు తెల్లారుజామున నాలుగింటికి వచ్చి, లైట్లేసుకుని పాటలు పెట్టుకుని, సూర్యోదయం అయ్యాక తొయ్యమని మమ్మల్ని పిలుస్తారు.

మల్టీమీటర్
లంబసింగిలో నిజమే. వరంగల్ చలికి కామన్ రైల్ (ఎక్కువ ప్రెషర్‌తో చిమ్మే) డీజిల్ గ్లో ప్లగ్గులు లేకపోయినా చాలావరకు స్టార్ట్ అవుతుంది. @ఓరుగల్లు_డీజిల్ మీది రెండో రకం. రాత్రంతా ఆగాక మాత్రమే అంటున్నారంటే పైపులోని డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోయి గాలి చేరుతోందని నా అనుమానం. ఫిల్టర్ దగ్గర చేత్తో నొక్కే పంపు ఉందా? రేపు పొద్దున సెల్ఫ్ కొట్టే ముందు అది గట్టిపడేదాకా నొక్కండి. వెంటనే స్టార్ట్ అయితే గాలే. గ్లో ప్లగ్గుల డబ్బులు మిగిలినట్టే.

షెడ్డు_మాస్టారు
ఎత్తుగా ఉన్న చోట ముందు భాగం పైకి పెట్టి రాత్రి ఆపితే ఇంకా ఎక్కువ సతాయిస్తుంది. అదీ గమనించు. ఫిల్టర్ మార్చినప్పుడు రబ్బరు వాషర్ పాతదే వేసి ఉంటారు.

గుంటూరు_గ్యాస్
సీఎన్జీ వాళ్ల సంగతి కూడా చెప్పండి. నాది ఫ్యాక్టరీ కిట్టే. పెట్రోల్ మీద స్టార్ట్ అయ్యి తర్వాత గ్యాస్‌కి మారుతుంది. పెట్రోల్ ఎప్పుడూ రిజర్వ్‌లోనే ఉంచుతా. ఇప్పుడు పొద్దున లేటు.

పాత_బండి
రిజర్వ్‌లో ఉంచడమే తప్పన్నా. ట్యాంకులోని పంపుని చల్లగా ఉంచేది ఆ పెట్రోలే. పావు ట్యాంకుకి తగ్గనివ్వకు, నెలల తరబడి పాతదే ఉంచకు. తాళం ఆన్ చేసి రెండు సెకన్లు ఆగితే వెనక సీటు కింద నుంచి జుయ్‌మని సన్నగా వినిపిస్తుంది, అది పంపు ప్రెషర్ కట్టే చప్పుడు. ఆన్ చేసి ఆపి, మళ్లీ ఆన్ చేసి, అప్పుడు సెల్ఫ్ కొట్టు. అలా చేస్తే వెంటనే అందుకుంటుందంటే రాత్రిపూట ప్రెషర్ దిగిపోతోందని లెక్క. పంపులోని వాల్వో, కారే ఇంజెక్టరో చూసుకోవాలి.

బెజవాడ_క్లచ్
అసలు అందరికీ ఈ 20 శాతం ఇథనాల్ పెట్రోల్ వల్లే వస్తోంది. ఎవరూ మాట్లాడరేం?

మల్టీమీటర్
ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది, పాత బళ్ల రబ్బరు పైపుల మీద ప్రభావం ఉంటుంది, మైలేజీ కొంత తగ్గుతుంది. ఇవన్నీ ఒప్పుకుంటా. కానీ సెల్ఫ్ నెమ్మదిగా తిరగడానికీ పెట్రోల్‌కీ సంబంధం ఏంటి బ్రో? సెల్ఫ్ మోటార్ తాగేది కరెంటు.

అంబాసిడర్_తాతయ్య
హ్యాండిల్ ఉంటే ఈ చర్చే ఉండేది కాదు.

గోదారి_గట్టు
మాస్టారు చెప్పిన నల్ల కేబుల్ పరీక్ష చేశాను. బండిని కడియం దాకా తిప్పి వేడి చేసి, ఇంటి ముందు ఆపి, కాసేపాగి కొట్టాను. మూలిగింది. కేబుల్ పెట్టి కొట్టాను. గిర్రున తిరిగింది! మా అబ్బాయి చేత మీటర్ కూడా పెట్టించాను. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ దగ్గర 11.1, మైనస్ నుంచి ఇంజిన్‌కి 1.3 వోల్ట్. కేబుల్ తగిలించాక ఆ 1.3 కాస్తా 0.2కి వచ్చింది.

మల్టీమీటర్
ఇక సెల్ఫ్ మోటార్ జోలికి వెళ్లకండి. బ్యాటరీ మైనస్ నుంచి కిందికి వెళ్లే నల్ల వైరు ఎక్కడ బిగించారో వెతకండి. ఒకటి బాడీకి, ఒకటి గేర్‌బాక్స్‌కి ఉంటుంది. ఈ మధ్య గేర్‌బాక్స్ దించారా?

గోదారి_గట్టు
కిందటి వానాకాలంలో క్లచ్ ప్లేట్ మార్పించాను. ఈ గొడవ మొదలైంది కూడా ఆ తర్వాతే, ఇప్పుడు ఆలోచిస్తే.

షెడ్డు_మాస్టారు
అయితే అదే. గేర్‌బాక్స్ ఎక్కించాక ఆ బోల్టు చివర్లో బిగిస్తారు, ఆ టైంకి చేయి అందదు, మనిషి అలిసిపోయి ఉంటాడు. చల్లగా ఉన్నప్పుడు తగులుతుంది, వేడికి సాగి వదులవుతుంది.

గోదారి_గట్టు
ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీస్తే కనిపించింది. బోల్టు చేత్తోనే తిరిగింది. కింద లగ్గు (వైరు కొసన ఉండే లోహపు ముక్క) చుట్టూ పచ్చగా చిలుము, దాని మీద గ్రీజు, బురద కలిసి పొరలాగా గట్టిపడ్డాయి. వైరు మొదట్లో తీగలు సగం తెగి ఉన్నాయి. పక్కవీధి ఎలక్ట్రీషియన్ కొత్త లగ్గుతో వైరు వేసి, గేర్‌బాక్స్ మీద ఆ చోటు శాండ్ పేపర్‌తో తెల్లగా రుద్ది బిగించాడు. మూడు వందలు తీసుకున్నాడు. ఎండలో తిప్పి తిప్పి చూశాం, ఎక్కడ ఆపినా ఒకటే సెల్ఫ్. తీసేసిన పాత బ్యాటరీ ఎక్స్‌చేంజ్‌లో పోయింది గానీ, పాపం దానిదేం తప్పులేదు.

బెజవాడ_క్లచ్
నేను క్లచ్ అని పేరు పెట్టుకున్నది ఊరికే కాదు.

మల్టీమీటర్
😂 ఒప్పుకున్నా.
ఆర్నెల్లకోసారి ఆ 0.2 చూసుకోండి చాలు.

షెడ్డు_మాస్టారు
80 వేలు దాటింది కాబట్టి సెల్ఫ్ బుష్‌లు కూడా ఎప్పుడో ఒకప్పుడు వస్తాయి. ఎండాకాలం రానీ, అప్పుడు మాట్లాడుకుందాం.

ఓరుగల్లు_డీజిల్
హ్యాండ్ పంపు నొక్కి కొట్టాను, టక్కున అయ్యింది. గాలే. ఫిల్టర్‌కి వచ్చే పైపు మధ్యలో పారదర్శకమైన ముక్క పెట్టి చూస్తే పొద్దున పూట బుడగలు వరసగా పోతున్నాయి. ఇంజెక్టర్ పైపులు కూడా వదులు చేసి గాలి తీయమంటారా?

మల్టీమీటర్
వద్దు వద్దు! ట్యాంకు నుంచి ఫిల్టర్ దాకా ఉన్న మెత్తటి పైపుల వరకే మీ పని. పంపు తర్వాత ఉండే ఇనుప పైపుల్లో ఇంజిన్ నడిచేటప్పుడు వెయ్యి బార్ దాటే ప్రెషర్ ఉంటుంది, సన్నటి ధార చర్మంలోకి దూసుకుపోతుంది. ఫిల్టర్ మూత కింద రబ్బరు వాషర్, పైపుల క్లిప్పులు, హ్యాండ్ పంపు దగ్గర తడి. ఈ మూడూ చూడండి.

ఓరుగల్లు_డీజిల్
క్లిప్పు కింద తడి ఉంది. పాత స్ప్రింగ్ క్లిప్పు తీసి స్క్రూతో బిగించేది వేశాను. బండిని రాత్రికి మా వీధి ఎత్తు మీద ముందు భాగం పైకి పెట్టి ఆపుతున్నా. పొద్దున చెప్తా.